చేబదులు

ఇక్కడ గాలికి తలుపు తట్టే అలవాటు లేదు.
రావ్‌సన్ దాటి, ఉప్పు పట్టిన కంకర దారిలో
జీపు ఆపాక
తలుపుని రెండు చేతులా పట్టుకుని దిగాలి.
లేకపోతే అది ఊడి గ్వనాకోల మందలో పడుతుంది.
(ఒకసారి పడింది. నా జీతంలో కోసుకున్నారు.)

వచ్చినవాళ్లందరూ రెక్కలనే ఫొటో తీస్తారు.
నా పని కింద, స్తంభం కడుపులో,
బీరువా లాంటి బూడిదరంగు పెట్టెతో.
పైన గాలి జనరేటర్ని
ఓసారి తాగుబోతులా తిప్పుతుంది,
ఓసారి పెళ్లినడక నడిపిస్తుంది.
ఊళ్లకి మాత్రం సెకనుకి యాభై కావాలి,
యాభై, యాభై, యాభై.
ఈ ఇద్దరి మధ్యా కూచుని
లెక్క సరిచేసే గుమాస్తా ఈ కన్వర్టర్.

నాకు పని నేర్పింది ఓస్మార్.
"చూడు ఎలూనెద్,
గాలి నీరసించినప్పుడు
రోటరు లైను దగ్గర చేబదులు తీసుకుంటుంది.
గాలి ముదిరాక అదే దారిన తిరిగిచ్చేస్తుంది.
నోటు లేదు, వడ్డీ లేదు.
మనుషుల్లో ఇలాంటివాణ్ణి ఒక్కణ్ణి చూపించు"
అనేవాడు.
నా దగ్గర మూడు వేల పెసోలు తీసుకున్నాడు.
ఇప్పుడిచ్చినా అవి ఓ రొట్టెకి చాలవు.

పెట్టెలో రెండు వరసల స్విచ్‌ల నడుమ
ఒక చోటుంది.
అక్కడ కరెంటుకి ఏ లయా ఉండదు.
గాలిది పోయింది,
ఊళ్లది ఇంకా రాలేదు.
కెపాసిటర్ డబ్బాల్లో
రెప్పపాటులో ఏ పదో వంతో
ఊరికే ఉంటుంది.
నాకా చోటంటే భయం. ఇష్టం కూడా.
ఆపేశాక అయిదు నిమిషాలు ఆగి తెరవమని
తలుపు మీద పుర్రె బొమ్మ.
నేను ఏడు ఆగుతాను.

సెగుందో ఆంకాఫిల్ గొర్రెల కాపరి.
అతని రేకుల ఇల్లు ఏడో నంబరు నీడ పడేంత దగ్గర.
తీగలు ఇంటి మీంచే పోతాయి, ఒక్కటీ దిగదు.
దీపం కింద చీకటంటారు గానీ
ఇక్కడ దీపం మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంది,
చీకటి మాత్రం కిందే మిగిలింది.

ఆగస్టు చలిలో ఓ సాయంత్రం
లోపలికొచ్చి, టోపీ తీసి,
పెట్టెకి చెవి ఆనించాడు.
"దీనికి నెమ్ము చేసింది.
గొర్రె ఇలా మూలిగితే రెండ్రోజుల్లో పడుకుంటుంది."
స్క్రీన్ మీద అన్నీ పచ్చగా ఉన్నాయి.
నవ్వలేదు నేను,
నవ్వు దాచుకోవడం అతను చూశాడు.

రెండు కాదు, మూడు రోజులు.
గురువారం తెల్లవారుజామున ఏడో నంబరు
రెక్కలు పక్కకి తిప్పుకుని నిలబడిపోయింది.
తెరిస్తే మూడో వరసలో ఒక డబ్బా
పొట్ట ఉబ్బి, మూత లేచి, కుళ్లిన చేప వాసన.
మార్చాను. వేళ్లు మొద్దుబారి
రెండు మరలు ఎక్కడో పడిపోయాయి.
రిపోర్టులో "లోపం మొదట గుర్తించినది" అన్న గడిలో
సెన్సర్ అని ముందే అచ్చయి ఉంది.
కొట్టేసి అతని పేరు రాశాను.
రాజధాని నుంచి ఒకే ప్రశ్న వచ్చింది:
ఉద్యోగి సంఖ్య?

గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడమే ఇది,
తెలుసు.
అయినా ఇప్పుడు శనివారాల్లో
సెగుందో తోపుడు బండి మీద
పాత లారీ బ్యాటరీ తెస్తాడు.
స్తంభం లోపల మా డ్రిల్లు కోసం ఒక ప్లగ్గుంది.
నేను అటు తిరిగి టీ పోసుకుంటాను.
"చేబదులే" అంటాడు,
"గాలి ముదిరాక ఇచ్చేస్తాను."

రాత్రి జీపులో పోతూ వెనక్కి చూస్తే
అతని కిటికీలో ఒకే ఒక్క బల్బు.
దానికి యాభై లేదు,
గాలి ఎగుడుదిగుడూ లేదు.
ఆ రెండు వరసల నడుమ చోటులో లాగే
ఊరికే ఉంటుంది,
ఓ గొర్రెపిల్ల దగ్గు వినడానికి సరిపడా.